దారి చూపేటప్పుడు చెప్పేవి

చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి.
ఇక్కణ్ణుంచి ఇసుక ఎర్రన.
మడమకి అంటితే రెండు స్నానాల దాకా వదలదు.
పోయిన నెల వచ్చిన స్వీడన్ ఆవిడ
తెల్ల సాక్సులతోనే నడిచింది.
ఇంటికెళ్ళి ఉత్తరం రాసింది,
నాలుగో ఉతుక్కి కూడా మీ ఊరు పోలేదని.

నా పేరు నొబంతు.
నాలుగు గుర్రాలు, మూడు గదులు, ఒక రిజిస్టరు.
స్నానానికి మనిషికి ఒకటే బకెట్టు,
మొహమాటం లేకుండా ముందే చెబుతాను.
మీరిచ్చే డబ్బులో పదోవంతు ఊటబావి కంచెకి.

ఆ ఆవులు చచ్చిపోలేదు, కంగారు పడకండి.
జోరీగల బాధ పడలేక
మధ్యాహ్నం సముద్రం ఒడ్డున పడుకుంటాయి.
వాటిని ఫొటో తీసుకోండి.
వెనక బండల మీద ఆల్చిప్పలు ఏరే మా అత్తని మాత్రం
అడిగి తియ్యండి.
వద్దంటుంది.
వద్దన్నప్పుడు నవ్వుతుంది.
ఆ నవ్వుని ఒప్పుకోలు అనుకోకండి,
కంపెనీవాళ్ళు అలాగే అనుకున్నారు.

అదుగో, తెల్ల మేకు.
కలబంద పక్కన ఇంకోటి.
నూట పన్నెండు దాకా లెక్కపెట్టి మానేశాం.
పిల్లలు నాలుగు పీకి గోల్‌పోస్టులు చేసుకుంటే
ఆట మధ్యలో పోలీసులొచ్చారు.

గుప్పెడు ఇసుక తీసి ఊదండి.
ఎరుపు ఎగిరిపోయాక మిగిలే నల్ల రవ్వలు,
వాళ్ళకి కావలసింది అవీ.
వాటితో తెల్లరంగు చేస్తారట,
గోడలకి, పళ్ళపొడికి, మందుబిళ్ళల పైపూతకి.
ఇంత ఎర్రటి నేల నుంచి అంత తెలుపు ఎలా వస్తుందో
ఇంజినీరు బొమ్మ గీసి చూపించాడు.
బొమ్మలో ఊరు లేదు.
కాగితం చాలలేదన్నాడు.

సభ పెట్టారు. కుర్చీలూ వాళ్ళే తెచ్చారు.
పునరావాసం అన్న మాట దగ్గర
దుబాసీ ఆగిపోయాడు. మా భాషంతా వెతికి వెతికి
"పశువుల్ని వేరే దొడ్డికి తోలడం" అన్నాడు.
ఆ రోజు నిజం చెప్పింది అతనొక్కడే.

తరవాత ఫారాలు.
మా దగ్గర ఎవరినీ మీదే ఊరని అడగం,
నీ బొడ్డుతాడు ఎక్కడ పాతారని అడుగుతాం.
చిరునామా గడిలో అత్త రాయించింది:
దొడ్డిగోడ లోపల, మూడో రాయి కింద.
కంప్యూటరు తీసుకోలేదు.

ఈ బూటుజాడలు మా తమ్ముడు జమిలేవి.
కంపెనీకి కాపలా.
నా గుర్రాలు ఏడాదంతా మోసి తెచ్చేది
వాడు మూడు నెలల్లో తెస్తాడు.
వాడి కూతురి ఉబ్బసం మందు ఆ జీతంలోదే,
తప్పని ఎలా అనను?
ఒకే కుండలో మొక్కజొన్నా చిక్కుళ్ళూ ఉడుకుతాయి.
తినేటప్పుడు మేకుల మాట ఎత్తం.
వానకి మేకు ఒరిగితే వాడు నిలబెడతాడు,
నేను గుర్రాన్ని పక్కకి తిప్పుకుంటాను.

మీ కళ్ళజోడు ఈకలా ఉంటుందని
పొద్దున మురుసుకున్నారు, లోహం పేరు కూడా చెప్పారు.
నేనేమీ అనలేదు.
అదీ ఎక్కడో ఎవరిదో ఇసుకే.
రావద్దని కాదు. రండి, మీవాళ్ళనీ పంపండి.
కానీ ఇంటికెళ్ళి, ఒక ఊరిని కాపాడి వచ్చామని చెప్పకండి.
మా చామదుంపలు తిన్నారు, పడుకున్నారు, డబ్బిచ్చారు.
మాకు అది చాలు.

ఇక్కడ ఏరు దాటాలి, పోటు రాకముందే.
కళ్ళెం లాగకండి,
లోతెక్కడో గుర్రానికి తెలుసు.

రాత్రికి రిజిస్టరు ఇస్తాను.
ఎక్కణ్ణుంచి అని ఒక గడి ఉంటుంది.
ఊరిపేరు రాసెయ్యకుండా
కాసేపు ఆలోచించండి.
తెలియకపోతే మీ అమ్మకి ఫోను చేసి కనుక్కోండి.
ఆ దిబ్బ మీద ఒక్కచోట సిగ్నలు అందుతుంది.
కంపెనీ టవరుదే,
అయినా పనిచేస్తుంది.